ఒక డిస్క్ పోయిందా? ముందు చేతులు కట్టుకోండి!

ఫోన్‌లో 'స్టోరేజ్ ఫుల్' అని వచ్చినప్పుడల్లా మనం చేసే పని ఒకటే. కేబుల్ పెట్టి ఫొటోలు, వీడియోలు అన్నీ ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్‌లోకి తోసేసి ఫోన్ ఖాళీ చేసుకుంటాం. అక్కడ భద్రంగా ఉంటాయిలే అని ఓ ధీమా. కాస్త జాగ్రత్తపరులైతే సిస్టమ్‌లో ఒకటికి రెండు హార్డ్ డిస్కులు పెట్టించి, వాటిని 'మిర్రర్' చేయించుకుంటారు. ఇంట్లోంచే వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు, చానెల్ నడిపేవాళ్లు, సొంతంగా సిస్టమ్ అసెంబుల్ చేసుకునే కుర్రాళ్లు... ఇలాంటివాళ్ల దగ్గర ఈ ఏర్పాటు ఎక్కువగా కనిపిస్తుంది.

మిర్రర్ అంటే పేరులోనే ఉంది, అద్దం. మీరు ఒక ఫొటో సేవ్ చేస్తే అది రెండు డిస్కుల్లోనూ ఒకేసారి రాయబడుతుంది. ఒకటి పాడైనా రెండోది బండి లాగుతుంది. దీన్నే రెయిడ్-1 అంటారు. 1988లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనే ముగ్గురు రాసిన పేపర్‌తో ఈ 'రెయిడ్' అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది. ఖరీదైన పెద్ద డిస్క్ ఒకటి కొనే బదులు, చవక డిస్కులు కొన్ని కలిపి వాడుకోవచ్చన్నది వాళ్ల ఆలోచన. అందులో మొదటి మెట్టే ఈ అద్దం.

బాగానే ఉంది. మరి అద్దం పగిలితే?

ఏమీ కాదు, అదే ముప్పు

మిర్రర్‌లో ఒక డిస్క్ పోతే పైకి ఏ తేడా కనపడదు. సిస్టమ్ ఆన్ అవుతుంది. సినిమా ఆడుతుంది. ఫైళ్లు తెరుచుకుంటాయి. మహా అయితే స్క్రీన్ మూలన ఓ చిన్న పసుపు గుర్తు వస్తుంది. దాన్ని మనం యాంటీవైరస్ వాడి గోల అనుకుని మూసేస్తాం. ఆ క్షణం నుంచి మీ దగ్గరున్నది అద్దం కాదు, ఒంటి డిస్క్. అది కూడా పోయే దాకా విషయం తెలియదు.

కాబట్టి మొదటి పని, మీ మిర్రర్ బతికుందా లేదా అని చూసుకోవడం. మదర్‌బోర్డ్ రెయిడ్ అయితే సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే స్క్రీన్‌లోనో, ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనో 'నార్మల్' అని ఉండాలి. 'డీగ్రేడెడ్' అని ఉంటే ఒకటి జారిపోయినట్టు. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చేసిన మిర్రర్ అయితే 'ఫెయిల్డ్ రిడండెన్సీ' అంటుంది. స్టోరేజ్ స్పేసెస్ అయితే రెసిలియన్సీ తగ్గిందని హెచ్చరిస్తుంది. లినక్స్ వాడేవాళ్లకు ఎండీస్టాట్ అనే ఫైల్‌లో బ్రాకెట్ల మధ్య రెండు 'యూ'లు పక్కపక్కన కనపడితే క్షేమం. ఒక 'యూ' పోయి దాని చోట అడ్డగీత వచ్చిందంటే ఓ డిస్క్ లేదని అర్థం.

సరే, 'డీగ్రేడెడ్' అనే వచ్చింది అనుకుందాం. అప్పుడేం చేయాలి? ఇక్కడే చాలామంది తొందరపడతారు. నిజానికి డిస్క్ పోవడం వల్ల పోయే డేటా కన్నా, డిస్క్ పోయిందన్న కంగారులో మనం నొక్కే బటన్ల వల్ల పోయే డేటాకే నేను ఎక్కువ భయపడతాను. ఎందుకో ఈ సంగతి వింటే మీకే తెలుస్తుంది.

"రీబిల్డ్ నొక్కేయనా అన్నయ్యా?"

మా పిన్ని కొడుకు తెనాలిలో ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాడు. విండోస్ ఓ చిన్న ఎస్ఎస్‌డీలో ఉంటుంది. ఫుటేజ్ అంతా రెండు 4 టీబీ డిస్కుల్లో, మదర్‌బోర్డ్ రెయిడ్‌తో మిర్రర్. ఎండాకాలంలో ఓ రాత్రి పదకొండింటికి వీడియో కాల్ చేశాడు.

"అన్నయ్యా, ఒక డిస్క్ ఫెయిల్డ్ అంటోంది. సాయంత్రమే కొత్తది కొనుక్కొచ్చా. పాతది పీకేసి, ఇది పెట్టి రీబిల్డ్ నొక్కేయనా?"

"నొక్కకు. ముందు చేతులు కట్టుకుని కూర్చో."

"రేపు మధ్యాహ్నం కస్టమర్ వస్తానంది."

ఆ కస్టమర్ సంగతి అప్పుడు చెప్పాడు. రెండు నెలల కిందట ఆ అమ్మాయి పెళ్లి. పెళ్లయిన నెలకే వాళ్ల నాన్నగారు పోయారు. ఎడిట్ చేసిచ్చిన వీడియో కాదు, నాన్న కనపడే ప్రతి ముక్కా కావాలని అడిగింది. ఆ ఫుటేజ్ ఉన్నది ఈ డిస్కుల్లోనే. కెమెరా కార్డులు ఎప్పుడో ఫార్మాట్ అయిపోయి వేరే పెళ్లిళ్లకు వెళ్లిపోయాయి.

ముందు కాపీ, తర్వాతే రిపేరు

రీబిల్డ్ అంటే ఏంటి? బతికున్న డిస్క్‌ని మొదటి నుంచి చివరి దాకా చదివి, కొత్త డిస్క్ మీద రాయడం. 4 టీబీ డిస్క్, సెకనుకు 150 ఎంబీ చొప్పున లెక్కేసుకున్నా 7 గంటలకు పైనే పడుతుంది. అన్ని గంటలూ ఆ ఒంటి డిస్క్ ఊపిరి తీసుకోకుండా పని చేయాలి. అదీ రెండో డిస్క్ లాంటిదే. ఒకే రోజు, ఒకే షాపులో కొన్నవి. ఒకే డబ్బాలో, ఒకే వేడిలో పనిచేసినవి. ఒకదానికి వయసైపోతే రెండోదీ ఆ ఈడుదే కదా!

పైగా ఎన్నాళ్లుగానో ముట్టని ఫైళ్లు ఉన్న చోట డిస్క్ పాడై ఉన్నా మనకు తెలియదు. రీబిల్డ్ అక్కడికి వెళ్లినప్పుడే బయటపడుతుంది. కొన్ని సిస్టమ్‌లు ఆ చోట రీబిల్డ్ మొత్తాన్ని ఆపేస్తాయి.

అందుకే ఆ కొత్త డిస్క్‌ని మిర్రర్‌లో కలపనివ్వలేదు. యూఎస్‌బీ డాక్‌లో విడిగా పెట్టించి, ముందు ఆ అమ్మాయి పెళ్లి ఫోల్డర్ కాపీ చేయమన్నాను. తర్వాత ఇంకా డెలివరీ ఇవ్వని పెళ్లిళ్లు. సినిమాలు, సాఫ్ట్‌వేర్లు అన్నిటికన్నా చివర. మళ్లీ దొరకనివి ముందు, డౌన్‌లోడ్ చేసుకోగలిగేవి తర్వాత. ఈ వరుస గుర్తుపెట్టుకోండి.

పెళ్లిచూపులు, ప్రధానం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు... అన్నీ వరసగా వెళ్లాయి. అప్పగింతల క్లిప్ దగ్గర కాపీ ఆగిపోయింది. ఫైల్ చదవలేకపోతున్నానని ఎర్రర్.

"ఇది బాగున్న డిస్కే కదా అన్నయ్యా!" వాడి గొంతు మారిపోయింది.

ఇలాంటప్పుడు 'రీట్రై' అని పదిసార్లు నొక్కకూడదు. జబ్బు పడ్డ డిస్క్‌ని అదే చోట పదే పదే గోకితే ఇంకా పాడవుతుంది. 'స్కిప్' కొట్టించి, మిగిలిన ముఖ్యమైన ఫోల్డర్లు కానిచ్చేయమన్నాను.

ఏది జబ్బు డిస్క్?

హార్డ్ డిస్కులకు తమ ఆరోగ్యం గురించి తామే రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది. పేరు స్మార్ట్. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూడొచ్చు. డిస్కులు రెయిడ్‌లో ఉన్నప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లకు అవి విడివిడిగా కనపడవు. అప్పుడు రెయిడ్ సాఫ్ట్‌వేర్‌లోనే వెతకాలి. చిట్టాలో బోలెడు వరసలుంటాయి గానీ, మనకు కావాల్సినవి నాలుగు.

5వ నంబరు: పాడైన చోట్లను వదిలేసి, వాటి బదులు స్పేర్ చోట్లు ఎన్ని వాడుకుందో చెప్పేది.
197: చదవడానికి మొరాయిస్తున్న చోట్లు, ఇంకా తేలని కేసులు అన్నమాట.
198: పరీక్షించి చూసినా చదవలేకపోయిన చోట్లు.
199: డిస్క్‌కి, మదర్‌బోర్డ్‌కి మధ్య దారిలో జరిగిన పొరపాట్లు. ఇది పెరుగుతుంటే ముందు అనుమానించాల్సింది డిస్క్‌ని కాదు, మధ్యలో ఉన్న సాటా కేబుల్‌ని.

ఇక్కడ ఓ చిన్న తిరకాసు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఈ అంకెల్ని మామూలుగా హెక్సాలో చూపిస్తుంది. అంటే చివర 10 అని ఉంటే అది పది కాదు, పదహారు. సెట్టింగుల్లో దాన్ని మామూలు అంకెల్లోకి మార్చుకోవచ్చు.

మావాడి 'బాగున్న' డిస్క్‌లో 197 దగ్గర 10 అని ఉంది. పదహారు చోట్లు చదవలేకపోతోందన్నమాట. మరి 'ఫెయిల్డ్' డిస్క్ సంగతి? సిస్టమ్ ఆపించి, దాన్ని బయటికి తీయించాను. ఎలా పడితే అలా కాదు. రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్. స్క్రీన్ మీద డిస్క్ 0, డిస్క్ 1 అని ఉంటే మదర్‌బోర్డ్ మీద పోర్టుల నంబర్లు వేరేలా ఉండొచ్చు. నమ్మాల్సింది ఒక్క సీరియల్ నంబర్‌నే. సాఫ్ట్‌వేర్‌లో ఫెయిల్డ్ అని చూపించిన సీరియల్ రాసుకుని, డిస్క్ స్టిక్కర్ మీద దానితో అక్షరం అక్షరం సరిపోయాకే కేబుల్ మీద చెయ్యి వేయాలి. తీసే ముందు లోపలంతా ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకోవాలి. ఏ కేబుల్ ఎక్కడిదో మళ్లీ తడుముకోనక్కర్లేదు.

ఆ డిస్క్‌ని డాక్‌లో పెట్టి చూస్తే 5, 197, 198 మూడూ సున్నా. 199 మాత్రం వందల్లో. డిస్క్ గుండ్రాయిలా ఉంది, కేబుల్ లూజు. అంటే మిర్రర్ నుంచి వెళ్లగొట్టబడ్డదే ఆరోగ్యంగా ఉంది, లోపల మిగిలిందే జబ్బుతో ఉంది!

మూడు వారాల లెక్క

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో చూస్తే, ఆ డిస్క్ మిర్రర్ నుంచి జారిపోయి అప్పటికి మూడు వారాలు. పసుపు గుర్తు వచ్చింది, మావాడు మూసేశాడు. ఈ తేదీ చాలా ముఖ్యం. దానికి ముందు సేవ్ చేసినవన్నీ రెండు డిస్కుల్లోనూ ఉంటాయి. తర్వాత చేసినవి మాత్రం లోపల మిగిలిన డిస్క్‌లోనే ఉంటాయి. పెళ్లి జరిగింది రెండు నెలల కిందట. అంటే అప్పగింతల క్లిప్ ఈ డిస్క్‌లోనూ ఉండి తీరాలి.

చాలా మదర్‌బోర్డ్ మిర్రర్లలో ఒక డిస్క్‌ని విడిగా పెట్టినా మామూలు డిస్క్‌లాగే తెరుచుకుంటుంది. ఇదీ తెరుచుకుంది. క్లిప్ కాపీ అయింది. వీడియో కాల్‌లోనే ప్లే చేసి చూపించాడు. మండపం పక్కన ఓ పెద్దాయన కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు. కూతురు చెయ్యి వదలట్లేదు. మేమిద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

"ఈ డిస్క్‌ని పొద్దున వారంటీకి పంపేద్దాం అనుకున్నా అన్నయ్యా" అన్నాడు చివరికి.

అందుకే చెప్తున్నా. కాపీ పూర్తయ్యే దాకా ఏ డిస్క్‌నీ పారేయొద్దు, ఫార్మాట్ చేయొద్దు, వారంటీకి ఇవ్వొద్దు. 'ఫెయిల్డ్' అన్నది కంప్యూటర్ అభిప్రాయం మాత్రమే. అది నిజంగా పోయిన డిస్క్ కావచ్చు, లేదా ఓ వందో నూటయాభయ్యో పెడితే వచ్చే కేబుల్ గొడవ కావచ్చు.

తర్వాత కేబుల్ మార్చాం. 199లో పాత లెక్క తగ్గదు, అది అలాగే ఉంటుంది. కొత్తగా పెరుగుతోందా లేదా అన్నదే చూసుకోవాలి. పెరగలేదు. జబ్బు డిస్క్ వారంటీకి వెళ్లింది. దాని బదులు వచ్చినదానితో కలిపి మిర్రర్‌ని మళ్లీ మొదటి నుంచి కట్టి, డేటా వెనక్కి పోశాం.

ఇంకో మూడు చిక్కులు

ఒకటి, రెండు డిస్కులూ ఒకేసారి మాయం. కంగారు పడకండి. ముందు కంప్యూటర్‌లో తేదీ చూడండి. ఏ పాత సంవత్సరమో చూపిస్తోందా? అయితే మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ల లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటుంది. అది అయిపోతే బయోస్ సెట్టింగులు మొదటికొచ్చి, సాటా మోడ్ 'రెయిడ్' నుంచి 'ఏహెచ్‌సీఐ'కి మారిపోవచ్చు. అప్పుడు మిర్రర్ కనపడదు. విండోసే ఎక్కకపోవచ్చు, లేదా రెండు డిస్కులూ వేర్వేరుగా కనపడొచ్చు. 'ఇనిషియలైజ్ చేయాలి', 'ఫార్మాట్ చేయాలి' అని విండోస్ అడిగితే 'క్యాన్సిల్' కొట్టి సిస్టమ్ ఆపేయండి. బ్యాటరీ మార్చి, బయోస్‌లో మోడ్ మళ్లీ 'రెయిడ్' చేస్తే చాలాసార్లు అద్దం తిరిగొస్తుంది. అక్కడ 'క్రియేట్ రెయిడ్ వాల్యూమ్' అనే ఆప్షన్ జోలికి మాత్రం వెళ్లొద్దు. అది ఉన్నదాన్ని బాగుచేసేది కాదు, ఉన్నదాన్ని తుడిచి కొత్తది చేసేది.

రెండు, ఎటు నుంచి ఎటు? రీబిల్డ్ చేసేటప్పుడు ఏ డిస్క్ నుంచి ఏ డిస్క్‌కి రాయాలో కొన్ని చోట్ల మనమే ఎంచుకోవాలి. తిరగేసి నొక్కితే ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్ మీద పడుతుంది. మూడు వారాల పాత డిస్క్ వచ్చి నిన్నటి పనిని తుడిచేస్తుంది. సీరియల్ నంబర్ చేతిలో పెట్టుకుని, పక్కన ఇంకొకరి చేత గట్టిగా చదివించి, అప్పుడే 'ఓకే' నొక్కండి.

మూడు, కొత్త డిస్క్ ఎంపిక. పాతదానికన్నా ఒక్క రవ్వ చిన్నదైనా మిర్రర్‌లో చేరనంటుంది. సమానంగానో పెద్దగానో ఉండాలి. ఇంకో సంగతి. మామూలు డెస్క్‌టాప్ డిస్కులు చదవలేని చోటు ఎదురైతే మొండిగా చాలాసేపు ప్రయత్నిస్తాయి. ఇది పలకట్లేదు, పోయినట్టుంది అనుకుని రెయిడ్ దాన్ని బయటికి నెట్టేస్తుంది. నాస్ కోసమని అమ్మే డిస్కులు సుమారు 7 సెకన్లు చూసి, కాదని చెప్పేస్తాయి. అప్పుడు రెయిడ్ ఆ ముక్కని రెండో డిస్క్ నుంచి తెచ్చుకుంటుంది. మిర్రర్‌కి అలాంటివే నయం. అలాగే 'ఎస్ఎంఆర్' అనే రకం డిస్కుల్లో రీబిల్డ్ బాగా నత్తనడక నడవొచ్చు. కొనేముందు ఆ మూడక్షరాలు ఉన్నాయేమో కంపెనీ సైట్‌లో చూసుకోండి.

అద్దం బ్యాకప్ కాదు

మీరు పొరపాటున ఓ ఫోల్డర్ డిలీట్ చేస్తే? అద్దంలోనూ అదే క్షణంలో డిలీట్ అవుతుంది. వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేస్తే రెండింటికీ వేస్తుంది. పిడుగు పడి కరెంటు ఎగదన్నితే, ఒకే డబ్బాలో ఉన్నందుకు రెండూ కలిసే పోవచ్చు. మిర్రర్ మీ పనిని ఆగకుండా చూస్తుంది, అంతే. మీ జ్ఞాపకాల్ని కాపాడేది వేరే చోట ఉన్న ఇంకో కాపీ. మావాడు ఇప్పుడు ఓ డిస్క్ నిండా కాపీ చేసి పిన్ని వాళ్లింట్లో బీరువాలో పెట్టిస్తున్నాడు. నెలకోసారి తెచ్చి కొత్తవి కలిపి మళ్లీ పంపిస్తాడు.

ఈ ఆదివారం ఓ అరగంట తీసుకోండి. మిర్రర్ 'నార్మల్' అంటోందో లేదో చూడండి. స్మార్ట్‌లో ఆ నాలుగు అంకెలు ఫొటో తీసి పెట్టుకోండి, వచ్చే నెల పోల్చుకోవచ్చు. రెండు డిస్కుల సీరియల్ నంబర్లూ, ఏది ఏ పోర్టులో ఉందో కాగితం మీద రాసి సీపీయూ డబ్బా లోపలి వైపు అంటించండి. పసుపు గుర్తుల్ని మూసేసే ముందు ఒక్కసారి చదవండి. యూపీఎస్ లేకపోతే దాని సంగతి ఆలోచించండి. ఇంట్లో ఇలాంటి సిస్టమ్ లేనివాళ్లు, ఉన్న స్నేహితుడికి ఇది పంపించండి.

వచ్చేవారం ఇంకో సంగతితో కలుద్దాం.